నలభై సెకన్ల జాగ

సిద్దిపేట,
జనవరి 19.

నిఖిల్,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. రానిదాన్ని రాయను.

ఫోన్‌లో నిన్ను బ్లాక్ చేశాను. ఎందుకంటే ఫోన్‌లో నువ్వు నన్ను గెలుస్తావు. నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు, అయిదో మాటకు నేను 'సరే తియ్' అంటాను. అయిదేళ్లుగా ఇదే నడిచింది. కాగితం మీద నువ్వు మధ్యలో దూరలేవు. నేను ఆగేదాకా చదవాల్సిందే. జవాబు కూడా కాగితం మీదే రాయి. లిడియాతో కబుర్లు పంపకు. ఆమె మన బ్యాండులో పాడడానికి వచ్చింది, నీకూ నాకూ నడుమ చీటీలు మోయడానికి కాదు.

పుస్తకాల తెలుగులో రాస్తున్నానని నవ్వకు. పదో తరగతి తప్పి, వెల్డింగ్ పని నేర్చుకుంటూ, శాఖా గ్రంథాలయంలో కూర్చొని సంపాదించుకున్న తెలుగు ఇది. నా యాసను నువ్వు పోస్టర్ మీద అచ్చేయించావు: 'గిది మా బొంద'. బ్యాండుకు 'బొంద' అని, పీనుగను పూడ్చే గుంత పేరు పెట్టింది నేను. దాన్ని టీషర్టుల మీదికి ఎక్కించింది నువ్వు. 'యాస ఉంటే పట్నంలో కిక్కే వేరు' అన్నావు. అందుకే నీకు నా యాసలో రాయను. అది నా ఇంట్లో ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. నువ్వు పంపిన ఆల్బం నిన్న అన్నం వేళ వెల్డింగ్ షెడ్డులో కూర్చొని విన్నాను. ఏడు పాటలు. ఆరింటితో నాకు పేచీ లేదు. నీ పదకొండు మాత్రల లెక్కను డప్పు మీదికి ఎక్కించడానికి నాకు ఆరు నెలలు పట్టింది, వేలి చర్మం ఊడింది, అయినా బాగుంది. బొందలోకి దిగుతున్నట్టే ఉంది. మనం అనుకున్నది అదే.

ఏడోది మా బాపుది. 'దింపుడు కల్లం'. అందులో నా డప్పు లేదు, లిడియా గొంతు లేదు. మా బాపు దుర్గయ్య ఒక్కడే నిలబడి సావుదెబ్బ కొట్టాడు. నీ గిటార్ తర్వాత కలిపావు. జూలైలో రికార్డు చేసిన రోజు నువ్వే ఫోన్ చేసి, 'తొమ్మిది నిమిషాల పది సెకన్లు, ఒక్కటే టేకు' అని ఎగిరావు. నిన్న నేను విన్నది ఎనిమిది నిమిషాల ముప్పై సెకన్లు.

నలభై సెకన్లు ఏవి?

అవి ఏవో నాకు తెలుసు. పాడెను మోసుకుపోయేటప్పుడు సగం దారిలో దింపుతారు. డప్పులు ఆగుతాయి. కొడుకో, దగ్గరివాడో వంగి, పోయినవాడి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. లేస్తాడేమోనని. లేవకపోతే మళ్లీ ఎత్తుతారు, మళ్లీ డప్పు మొదలవుతుంది. ముందు దెబ్బ వేరు, వెనక దెబ్బ వేరు. నడుమ ఆ ఆగిన జాగ ఉంటేనే అది సావుదెబ్బ. జాగ తీసేస్తే ఉత్త చప్పుడు. నువ్వు మా బాపును పాడె దింపనివ్వలేదు. ఆగకుండా ఉరికించావు.

ఆయన పోయి రెండు నెలలు. ఆయన చేతి దెబ్బ లోకంలో మిగిలింది ఆ ఒక్క చోటే.

ఆ నలభై సెకన్లు ఎక్కడివి అక్కడ పెట్టు. పెట్టేదాకా ఆల్బంతో పాటు నువ్వు పంపిన ఒప్పందం కాగితం మీద సంతకం చేయను. నా సంతకం లేకుండా మార్చి ఆఖరున ఆల్బం ఎట్లా బయటికి తెస్తావో చూస్తాను.

కర్ణాకర్


హైదరాబాద్,
జనవరి 27.

కర్ణన్నా,

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ దగ్గర సంతకం పెట్టి ఉత్తరం తీసుకోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి. దానికి థాంక్స్.

కోపంలో ఉన్నావని అర్థమవుతోంది. కానీ కొంచెం చల్లగా ఆలోచించు. ఇది మన మొదటి ఆల్బం. ఎవరికీ తెలియని బ్యాండు. కొత్తవాడు పాట పెట్టుకొని వింటుంటే మధ్యలో నలభై సెకన్లు ఏమీ వినిపించకపోతే ఏమనుకుంటాడు? నెట్ పోయిందనుకుంటాడు. తర్వాతి పాటకు జరుపుతాడు. మిక్సింగ్ చేసిన భానుప్రకాశ్ కూడా అదే అన్నాడు. 'మీ సంగీతం నల్లగా ఉండాలి గానీ ఖాళీగా ఉండకూడదు' అన్నాడు. అతను ఈ పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాడు.

పైగా ఇప్పుడు పెట్టాలన్నా కుదరదు. ఆ రోజు అసలు ఫైలు ఉన్న హార్డ్ డిస్కు పాడైపోయింది. మిగిలింది మిక్స్ చేసినదే.

దుర్గయ్య మామ అంటే నాకు గౌరవం లేదనుకోకు. ఆల్బంలో ఆఖరి పాట ఆయనదే పెట్టాను. ఇంతకంటే ఏం చేయగలం? మా నాన్న కోళ్ల షెడ్డు ఖాళీ చేసి ఇస్తేనే మనకు రికార్డింగ్‌కు చోటు దొరికింది. చాలామంది చాలా ఇచ్చారు. నువ్వు ఒక్క సంతకం ఇవ్వు.

నీ
నిఖిల్


సిద్దిపేట,
ఫిబ్రవరి 4.

చిన్న పటేలా,

మా బాపు నిన్ను ఆఖరిదాకా ఇట్లాగే పిలిచాడు. నువ్వు ఒక్కనాడూ వద్దనలేదు. ఇప్పుడు ఆయన నీకు 'మామ' అయ్యాడు. ఎప్పటినుంచి? ఏడో తరగతిలో మీ గేటు దగ్గర నిలబడి 'ఒరే దుర్గయ్యా, మా నాయిన పిలుస్తుండు' అని అరిచింది నువ్వే. ఆయన పక్కన నేను నిలబడి ఉన్నాను. మనిషి పోయాక వరస కలపడం సులువు. ఆయన కాదనడానికి లేడు.

హార్డ్ డిస్కు పాడైందా? నీ గురించి నాకు తెలియదా? గిటార్ తీగలే మూడు జతలు మూడు సంచుల్లో పెట్టుకునే మనిషివి. ఫైలు మూడు చోట్ల దాచకుండా నీకు నిద్ర పట్టదు. ఇంకొక అబద్ధం వెతుక్కో.

పాడెలు దింపడం మీ ఇంట్లో తెలియనిది కాదు. మీ తాత పోయిన రోజు గుర్తుందా? మా బాపు జ్వరంతో కొట్టాడు. తుమ్మచెట్టు దగ్గర దింపారు. మీ నాయన దామోదర్ పటేలు కారు పట్నం నుంచి ఇంకా రాలేదని అందరూ ఎండలో నిలబడ్డారు. పావుగంట. డప్పులు చంకన పెట్టుకొని పావుగంట. 'నెట్ పోయింది, ముందుకు జరపండి' అని ఎవడూ అనలేదు. మీ తాతకు పావుగంట అయితే మా బాపుకు నలభై సెకన్లు బరువైపోయాయా?

ఇంకొకటి నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. మా ఇంట్లో పీనుగ లేకుండా సావుదెబ్బ డప్పు మీద కొట్టరు. నేర్పేటప్పుడు కూడా తొడ మీద అరచేత్తో నేర్పుతారు. నేను అట్లాగే నేర్చుకున్నాను. నా ఇరవై ఆరేళ్ల బతుకులో మా బాపు ఆ కట్టు ఒక్కసారే తప్పాడు, నీ మైకు ముందు. ఎందుకు తప్పాడు? నేను మొండికేశాను కాబట్టి. వారం రోజులు ఆయన చెవి దగ్గర జోరీగలా తిరిగాను. ఏం చెప్పి ఒప్పించానో నీకు అనవసరం. అంత చేసి కొట్టించిన దాన్ని నువ్వూ, నీ ఇరవై ఏళ్ల అనుభవంవాడూ కలిసి కత్తిరించారు.

ఈ నెల ఆఖరి ఆదివారం హైదరాబాద్ వస్తున్నాను. ఫైలు తీసి పెట్టు. లేదంటే షాపులోని కటింగ్ మిషన్ వెంట తెస్తాను. ఇనుప గేట్లు కోసే చేతికి గిటార్ మెడ ఒక లెక్క కాదు.

కర్ణాకర్


హైదరాబాద్,
ఫిబ్రవరి 11.

కర్ణాకర్,

రావద్దు. ఆ ఆదివారం నేనిక్కడ ఉండను.

మా తాత పాడె గురించి రాశావు. సరే. మీ బాపు పాడె గురించి నేను రాస్తాను. నవంబరులో నేనూ వెనక నడిచాను, నువ్వు చూడనట్టు నటించావు. అదే తుమ్మచెట్టు. అక్కడే దింపారు. మైసయ్య తాత నీ భుజం మీద చెయ్యి వేసి, 'పిలువురా కొడుకా' అన్నాడు. నువ్వేమన్నావు?

'సచ్చినోడు లేస్తడా? దండుగ ముచ్చట. లేపుండ్రి' అన్నావు.

రాములవ్వ నీ అంగీ పట్టుకొని గుంజింది. 'ఒక్కపారి పిలువురా, నీ కాల్మొక్త' అంది. తల్లి కొడుకు కాళ్లు మొక్కుతానంటుంటే ఆమె చేతిని విదిలించావు. గాలి కూడా లేదు ఆ పూట. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిలవకుండానే ఎత్తారు. వెనక దెబ్బ మొదలుపెట్టాలో వద్దో డప్పులవాళ్లకు తోచలేదు.

నీ తండ్రికి తుమ్మచెట్టు దగ్గర నువ్వు ఇవ్వని నలభై సెకన్లు నన్ను పాటలో పెట్టమంటున్నావు. నమ్మకం లేదన్నవాడివి, మూఢనమ్మకమన్నవాడివి, ఇప్పుడు ఆ జాగ పవిత్రమైందా? లేక నన్ను తిట్టడానికి ఒక సాకు దొరికిందా?

ఇంకో మాట చెప్పి ఆపేస్తాను. ఆ రోజు కోళ్ల షెడ్డులో నువ్వు లేవు. నేనున్నాను. నేను తీసేసింది ఖాళీ కాదు. ఇంతకంటే అడగకు.

నిఖిల్


సిద్దిపేట,
ఫిబ్రవరి 15.

నిఖిల్,

అవును. పిలవలేదు. నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. అవ్వ చెయ్యి విదిలించింది కూడా నిజం.

ఆ రోజు నుంచి అవ్వ నాతో మాట్లాడదు. అన్నం పెడుతుంది. గిన్నె మీద గరిటె కొట్టి పిలుస్తుంది, పేరు పెట్టి పిలవదు. కూర ఏమిటంటే గిన్నె ముందుకు తోస్తుంది. నా బట్టలు ఉతుకుతుంది, మడతపెడుతుంది, నా మొహం మాత్రం చూడదు. నీకు ఇంకా ఏం కావాలి? సంతోషమైందా?

ఎందుకు పిలవలేదో నీకు చెప్పను.

ఖాళీ కాదన్నావు. ఖాళీ కాకపోతే ఏముంది? మాట సగం అని మింగేది మీ ఇంట్లో నేర్పుతారేమో, మా ఇంట్లో నేర్పలేదు. ఏముందో రాయి. ఆయన దగ్గాడా? తిట్టాడా? నన్నేమైనా అన్నాడా?

రాయి.

కర్ణాకర్


హైదరాబాద్,
ఫిబ్రవరి 24.

కర్ణన్నా,

మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది.

హార్డ్ డిస్కు పాడైందన్నది అబద్ధం. ఫైలు ఉంది. నువ్వన్నట్టే మూడు చోట్ల ఉంది.

ఆ రోజు నీకు ట్రాలీ అతికే పని ఉంటే ఆయన్ను నేనే బండి మీద తీసుకొచ్చాను. షెడ్డులోకి రాగానే ముక్కు మూసుకొని, 'కోళ్లు వొయ్యి ఆర్నెల్లాయె, కంపు మాత్రం కిరాయి కట్టి ఉంటుందా ఏంది పటేలా?' అన్నాడు. ఇద్దరం నవ్వాం. బయట వరిగడ్డి మంట వేసి డప్పు కాచుకున్నాడు. వేలితో తట్టి చూసి, మళ్లీ కాచి, మైకు ముందుకొచ్చి నిలబడ్డాడు. అంతే, కదలడు.

'మొదలుపెట్టు మామా' అన్నాను. అవును, ఆ రోజే మొదటిసారి అలా పిలిచాను. ఆయన కాదనలేదు.

'పీనుగ లేంది ఎట్ల మొదలువెడుదు? నడుమ దించినంక ఎవల పేరు పిలువాలె?' అన్నాడు.

నాకేం అర్థమవుతుంది? 'పేరేదీ వద్దు, ఊరికే ఆగి మళ్లీ కొట్టు' అన్నాను.

'ఉత్త పాడె దించొద్దు బిడ్డా. ఉత్తగ దించితె ఎవలినో ఒకల్ని ఎక్కిచ్చుకుంటది' అన్నాడు. తర్వాత తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నాడు: 'పొద్దుగాల మావోన్ని అడిగిన. నీదే పిలుసుకో పో అన్నడు. కోపంల అన్నడు గని సక్కటి మాటనే అన్నడు. ఇంకోని పేరు నా నోటితోని ఎట్ల పిలుస్త? నాదైతె ఎవలికీ నష్టం లేదు.'

కొట్టాడు. నేను అంతకుముందు అంత దగ్గరగా ఆ దెబ్బ వినలేదు. సగం దారిలో ఆపాడు. డప్పే చెవి అన్నట్టు దాని మీదికి వంగి పిలిచాడు. 'దుర్గయ్యా.' ఆగాడు. నిజంగా జవాబు కోసం ఆగినట్టే ఆగాడు. మళ్లీ, 'ఓ దుర్గయ్యా.' ఆ తర్వాత పిలవలేదు. చాలాసేపు నిలబడి, సిర్ర పుల్ల ఎత్తి వెనక దెబ్బ అందుకున్నాడు.

టేకు అయ్యాక అడిగాను. 'మూడుసార్లు పిలవాలి కదా మామా?'

తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నవ్వాడు. 'మూడోది కొడుకుది. అది గూడ నేనే పిలుసుకుంటె ఇగ కొడుకెందుకు? గందుకే జాగ ఇడిసిన. ఆడు కోపపోడే గని, ఆ యాళ్లకు పిలుస్తడు.'

మైకు ఆపలేదు. ఇవన్నీ ఫైల్లో ఉన్నాయి.

నవంబరులో తుమ్మచెట్టు దగ్గర నేను పాడెను చూడలేదు. నీ నోటినే చూస్తూ నిలబడ్డాను. నువ్వు పిలవలేదు. ఆ వారమే భానుప్రకాశ్‌తో ఆ నలభై సెకన్లు తీయించేశాను. తర్వాతి పాటకు జరుపుతారన్నది సాకు. నువ్వు వినకూడదనే తీయించాను. నిన్ను కాపాడానని గొప్పలు చెప్పుకోను. నాకూ భయమేసింది. పీనుగ లేకుండా ఆయన్ను అక్కడ నిలబెట్టింది నువ్వొక్కడివే కాదు, నా మైకు కూడా.

మూడున్నర నిమిషం నుంచి, అంటే డప్పు ఆగడానికి కాస్త ముందు నుంచి ఆయన ఆఖరి మాటల దాకా, అసలు ఫైలు ఎలా ఉందో అలా పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపుతున్నాను. వినకపోయినా నేనేమీ అనుకోను. పాటను ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

నిఖిల్


సిద్దిపేట,
మార్చి 9.

నిఖిల్,

పెన్‌డ్రైవ్ వారం రోజులు జేబులో వేసుకొని తిరిగాను. పనిలో ఒక గేటుకు గొళ్లెం బయటివైపు అతికించాను. సేటు, 'ఇంట్లోల్లను లోపలేసి తాళం పెడ్తవారా?' అన్నాడు. తీసి మళ్లీ అతికించాను.

ఆయన చెప్పింది నిజమే. ఆ పొద్దున చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే అడిగాడు, 'ఎవల పేరు పిలువాల్రా?' అని. 'ఎవనిదో పిలువు. లేకుంటె నీదే పిలుసుకో పో' అన్నాను. వెనక్కి కూడా చూడలేదు.

మా బాపు పోయింది ఊపిరితిత్తులు పాడై. దవాఖానలో స్కాను నేనే పట్టుకొని తిరిగాను. పేరు పిలిస్తే మనిషి చావడు, అది నాకు తెలుసు. తెలిసీ, మైసయ్య తాత 'పిలువురా' అన్నప్పుడు నా చెవిలో మోగింది ఆ మాటే. నీదే పిలుసుకో పో. దాని మీద నుంచి నోరు లేవలేదు. నోరు లేవనివాడు ఏం చేస్తాడు? తెలివి మాట్లాడుతాడు. 'సచ్చినోడు లేస్తడా' అన్నాను.

నిన్న మధ్యాహ్నం అవ్వ బీడీలు చుడుతూ కూర్చుంది. ఏమీ చెప్పకుండా పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. దెబ్బ మొదలుకాగానే ఆమె చేతిలో తునికాకు ఆగింది.

'బంజెయ్. ఇంట్ల ఆ దెబ్బ ఏందిరా' అంది.

దాదాపు నాలుగు నెలలకు నాతో మాట్లాడిన మొదటి మాట. బంద్ చేయలేదు. డప్పు ఆగింది. ఆయన పిలిచాడు. అవ్వ చాటను పక్కకు నెట్టి టీవీ దగ్గరికి జరిగింది. అందులో ఏముంటుంది? నల్ల తెర, ఫైలు పేరు. రెండోసారి పిలిచాడు. తర్వాత ఆ జాగ వచ్చింది. అవ్వ నా మొహంలోకి చూసింది.

'పిలువు' అంది.

నా వల్ల కాలేదు. వెనక దెబ్బ మొదలైంది. దాని వెనకే షెడ్డులో ఆయన నీతో అన్న మాటలు వచ్చాయి. మూడోది కొడుకుది. అవ్వ కదలకుండా విన్నది. విని, 'ఎన్కకు జరుపు' అంది. జరిపాను. మళ్లీ కాలేదు. మళ్లీ జరపమంది. తిట్టలేదు, ఏడవలేదు. అన్నం తినని పిల్లగాడికి ముద్ద పట్టుకొని కూర్చున్నట్టు కూర్చుంది. నాలుగోసారికి పిలిచాను. బాపు అని కాదు. పేరు పెట్టే పిలవాలి కదా. పుట్టి బుద్ధెరిగి ఆయన్ను పేరు పెట్టి పిలిచింది అదొక్కసారే.

లేవలేదు. వెనక దెబ్బ అందుకున్నాడు. ఆ దెబ్బ అయిపోయేదాకా ఇద్దరం కూర్చున్నాం. అవ్వ చాట దగ్గరికి గుంజుకుంది. 'ఇగ వోనియ్' అంది. కాసేపటికి, 'కర్ణాకర్, తింటవా?' అని అడిగింది.

సంతకం చేసిన కాగితం ఇందులో ఉంది. ఏడో పాట కింద నా పేరు రాయకు. డప్పు దుర్గయ్య అని రాయి, మామ అనీ రాయకు, ఇంకేమీ రాయకు. ఆయన షెడ్డులో నీతో అన్న మాటలు పాటలో పెట్టకు. అవి లోకానికి కావు.

నిన్ను మాఫ్ చేయలేదు. నా బాపు మాట నాలుగు నెలలు నీ దగ్గర పెట్టుకున్నవ్. అది నా ఇంటికి రావల్సిన మాట. ఫోన్‌ల బ్లాక్ ఇంక తియ్యలే, ఎప్పుడు తీస్తనో నాకే ఎర్క లేదు.

నలబై సెకన్లు ఎట్లున్నయో అట్లనే వెట్టు. రెండు పిలుపులు, ఎన్క జాగ. మూడోది నేను రికార్డు చెయ్యలే. అది ఆల్బంల ఉండది, ఇంట్ల అయిపోయింది. ఇనేటోడు ఆ జాగల ఏమన్న చేసుకోని, ముందుకు జరుపుకోని, ఆని ఇష్టం. నువ్వు మాత్రం ముట్టకు. ఆ జాగల నీ గిటార్ తీగ ఒక్కటి మోగినా, నీ బొంద నేనే తవ్వుత.

దుర్గయ్య కొడుకు
కర్ణాకర్